కుడిపక్క పేజీ

కరీముల్లా దూదేకే విల్లును గోనెపట్టాలో చుట్టి, రెండు చోట్ల తాడు బిగించి, మూడోది కట్టబోతూ ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. అంగడి గడపకు వీపు ఆనించి, లోపలికి పోయిన గాలి మళ్లీ బయటికి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. నలభై ఆరేళ్లు దూది ధూళి పీల్చిన ఛాతీ అది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూపించి, ఇంక ఈ పని మానెయ్యమన్నాడు. కరీముల్లా తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ను మించినవాడు ప్రొద్దుటూరులో లేడు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా అంగడి తీసి కూర్చున్నాడు.

మనిషి పొట్టి. కనుబొమల్లోనూ చెవుల మీది వెంట్రుకల్లోనూ తెల్లటి పీచు ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. ఎంత కడిగినా పోదు, కడగడం మానేసి చాలా ఏళ్లయింది. కుడిచేతి బొటనవేలి మీద దారం కోసీ కోసీ పడిన గాడి ఒకటి. పరుపులు, దిండ్లు కుట్టే దూదేకుల సాయిబు అంటే వీధిలో అందరికీ తెలుసు. అంతకు మించి తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. దూది ఏకడానికి ఆయనకు మిషను ఉంది గానీ అది బస్సెక్కదు కదా. అందుకే అటక మీది పాత విల్లు దించాడు.

ఈరోజు పోవాల్సింది పులివెందులకు. చేతిసంచిలో ఉప్మా డబ్బా, దారపు ఉండ, దానికి గుచ్చిన దబ్బనం, ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. చంకలో జమ్మలమడుగు వనజమ్మ టీచరుకు ఇవ్వాల్సిన దిండు.

ఆ నోటుపుస్తకం అలవాటు చేసింది ఆ టీచరే. ఇరవై ఏళ్ల కిందట ఆమె ఇంట్లో పాత పరుపు విప్పితే ఒక పిల్లవాడి పాలపన్ను రాలింది. కరీముల్లా దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసుకుంది. ఆ పిల్లవాడు పెద్దవాడు కాలేదని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే ఆమె ఒక కొత్త పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. ఆమె ఒకప్పుడు పత్రికలకు కథలు రాసిన మనిషి.

"నీకు తగిలినవన్నీ ఇందులో రాసుకో కరీమూ. ఎడమపక్క పేజీలో జరిగింది రాయి. కుడిపక్క ఖాళీగా వదిలెయ్. దానికి జోడీ ఎప్పుడన్నా తగిలితే ఆడ రాయి. ఎందుకు జరిగిందో మాత్రం రాయొద్దు. అది మన పని కాదు."

ఎనిమిదో తరగతితో ఆగిన చదువు ఆయనది. అయినా రాశాడు. చాపాడులో ఒక దిండులో ఒంటి వెండి మట్టె దొరికిందని ఎడమపక్క రాశాడు. నాలుగేళ్ల తర్వాత చెన్నూరులో వేరే ఇంటి పరుపులో ఇంకో ఒంటి మట్టె దొరికింది. తీసుకుపోయి చాపాడు మట్టె పక్కన పెడితే రెండూ ఒకే జత. అడిగితే, చాపాడు ఇంటి కోడలికి చెన్నూరు పుట్టిల్లు అని తేలింది. అది కుడిపక్క రాసుకుని, ఆ రోజంతా ఎవరో తన భుజం తట్టి పోయినట్టు తిరిగాడు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో పుస్తకం. ఎడమ పేజీలు రెండు వందల పైనే ఉన్నాయి. కుడి పేజీలు పందొమ్మిది నిండాయి.

ఈరోజు సంచిలో పెట్టుకున్నది మాత్రం మొదటి పుస్తకం. అందులో ఒక ఎడమ పేజీలో రెండే ముక్కలున్నాయి: 'ఖమర్ దూది పులివెందులకు పోయింది. నా చేతులతోనే పంపించినాను.' ఎదుటి పేజీ పద్దెనిమిదేళ్లుగా ఖాళీ.

ఖమర్‌బీ ఆయన భార్య. ఆయన దూది ఏకితే ఆమె కుట్టేది. ఎడమచేతి వాటం. అందరూ పరుపుకు ముప్పై అయిదు ముడులు వేస్తే ఆమె నలభై రెండు వేసేది, ఏడు వరసలు, వరసకు ఆరు. దారం దండగ కదా అంటే, "పడుకున్నోళ్ల కింద దూది కదలకూడదు" అనేది. ప్రతి ముడికీ అంకె పైకి చెప్పేది. చెప్పి, దారాన్ని కోరపంటితో టిక్కుమని తెంపేది. ఆ టిక్కు వింటూనే కరీముల్లా సంసారం చేశాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె నలభై ఒకటి అని, టిక్కుమని తెంపి, "ఉండు, కొంచెం నడుము వాలుస్తా" అంటూ ఆ కుడుతున్న పరుపు మీదే ఒరిగింది. పక్కన దూది ఏకుతున్న కరీముల్లా నలభై రెండు కోసం చెవి పెట్టుకునే ఉన్నాడు. చాలాసేపు ఏకాడు.

పోయిన మనిషి కింద ఉన్న దూదిని మళ్లీ ఏకకూడదని వాళ్ల ఇళ్లలో ఆచారం. పెన్న ఏటి ఇసుకలో గుంత తీసి పూడ్చెయ్యాలి. కరీముల్లాకు చేతులు రాలేదు. ఆ పరుపు విప్పి, దూదిని ఒక గోనెసంచిలో కుక్కి, మూతికి ఎర్రదారం కట్టి అంగడి మూలన పెట్టుకున్నాడు. రేపు పూడుస్తా, ఎల్లుండి పూడుస్తా అనుకుంటూ నలభై రోజులు గడిపాడు. ఇంతలో పెండ్లి పరుపు ఒకటి కావాలని ఒక పెద్దమనిషి వచ్చాడు. అల్లునిది పులివెందుల అన్నాడు. దూది తగ్గింది. దూది తోలే అతను ఆ వారమే కొత్త సంచులు దించిపోయాడు, వాటి మూతికి కూడా ఎర్రదారమే కట్టి. తలలో ఏమీ లేని రోజులవి. ఏ సంచి విప్పాడో ఏ దూది ఏకాడో, పరుపు బండెక్కి వెళ్లిపోయాక, మూల ఖాళీగా కనిపించాక గాని తెలియలేదు.

ఆ పెద్దమనిషి ఊరు కనుక్కునేలోపు ఆయనా కన్నుమూశాడు. పండగల ముందు పులివెందుల వీధుల్లో, మిద్దెల మీద ఎండేసిన పరుపులను తలెత్తి చూసుకుంటూ కరీముల్లా ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. దొంగ అనుకుని ఒకసారి కుక్కను ఉసిగొల్పారు. తాను పోయేలోపు ఆమెను తెచ్చుకుని పెన్న ఒడ్డున పెట్టాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

జమ్మలమడుగులో వనజమ్మ దిండు తీసుకుని, గోనెపట్టాలోని విల్లు వైపు చూసింది.

"యాడికి పోతాండావు దాన్నెత్తుకోని?"

"పులివెందులకు టీచరమ్మా. ఆ ఇంటోళ్లే పాత పరుపు చూసిపొమ్మని పిలిచినారు."

ఆ పేజీ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నీ నంబరు యాడ దొరికె వాళ్లకు?"

"పోయిన నెల వాన పడె సూడు, ఆ పొద్దు ఆయమ్మ చీరలకు ప్రొద్దుటూరు వచ్చిందంట. తడుస్తానని మన అంగడి ముందర నిలబడిందంట. నేను నమాజుకు పోయింటి. ఊరికే నిలబడి పరుపు ముడులు లెక్కపెట్టిందంట. ఏడార్లు నలభై రెండు. మా ఇంట్లోదాని మాదిరే ఉందే అనుకోని బోర్డు మీది నంబరు రాసుకున్యాదంట."

"వెతికినన్నాళ్లు దొరకలే. వెతికేవాని కళ్లు ముందరికే ఉంటాయి కరీమూ. ఇట్లాంటివి పక్కనుంచి వస్తాయి." ఆమె కొత్త దిండును రెండు చేతులతో నొక్కి చూసింది. "తెచ్చుకుంటావా?"

"తెచ్చుకుంటా. చోటు గూడ చూసి పెట్టినా."

"ఒకసారి కలిపి ఏకిన దూదిని ఎట్ల ఏరతావు?"

కరీముల్లా తల ఊపాడు. విల్లు ఎత్తుకుని బస్టాండు దారి పట్టాడు.

పులివెందుల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. విల్లును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఆ రోజు వాన పడకపోతే? పోనీ, తాను అంగడిలోనే ఉండి ఉంటే? లోపలికి రా తల్లీ అని పిలిచేవాడు, కుర్చీ వేసేవాడు. ఆమె ఫోను చూసుకుంటూ కూర్చునేది. ముడులు ఎవరు లెక్కపెడతారు? దేవుడి ముందర వంగిన ఆ పావుగంటే ఖమర్ జాడ పట్టించింది. ఎందుకు అని రాయకూడదు, సరే. ఎందుకు అని అనుకోకుండా ఎట్లా ఉంటాడు మనిషి?

ముద్దనూరులో బస్సు ఆగింది. గోనెపట్టాలోంచి సన్నగా మోత వినిపించింది. బస్సు వణుకుకు నారి మోగుతోందిలే అనుకున్నాడు. అప్పుడు గమనించాడు, డ్రైవరు ఇంజను ఆపేసి టీకి దిగిపోయాడు. మోత ఆగలేదు. పక్క సీటులోని ఆడమనిషి గోనెపట్టా వైపు ఒకసారి చూసి, ఒళ్లోని బిడ్డను అటువైపు మార్చుకుంది. కరీముల్లా పట్టా మీద అరచెయ్యి వేశాడు. మోత చేతిలోంచి మోచేతి దాకా ఎక్కి ఆగింది. ఆయనకు భయం వేసింది. భయంతో పాటు, సిగ్గుపడవలసినంత సంతోషమూ వేసింది.

ప్రసూన ఇల్లు పులివెందుల బస్టాండుకు నాలుగు వీధుల అవతల. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, నిద్ర చాలని కళ్లు. భర్త చీనీకాయల లోడుతో ఊరు దాటి వెళ్లాడట. కరీముల్లాను వసారాలో కూర్చోబెట్టి, నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు నోటి దగ్గరికి తీసుకున్నాడు. లోపలి గదిలోంచి ఒక ఆడపిల్ల గొంతు నింపాదిగా వినిపించింది.

"ముప్పై ఎనిమిది."

టిక్కు.

"ముప్పై తొమ్మిది."

టిక్కు.

గ్లాసులోని నీళ్లు ఆయన చొక్కా మీద ఒలికాయి. నలభై, నలభై ఒకటి అయ్యాయి. తర్వాత ఇంకేమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం కూడా ఆయనకు తెలిసినదే.

"వింటివా మామా," అంది ప్రసూన. "నా కూతురు, లహరి. ఏ పొద్దు కన్ను మూసినా ఇంతే. మాటలొచ్చినప్పట్నుంచి నిద్రలో లెక్కపెడ్తాది, పండ్లు కొడ్తాది. నలభై ఒకటి కాడ లేసి కూకుంటాది. మళ్ల నిద్ర రాదు. ఇప్పుడు దానికి పదిహేడేండ్లు. చూపించని డాక్టరు లేడు, కట్టించని తాయెత్తు లేదు. మొన్న ఒక పెద్దామె, బిడ్డ పుట్టిన పరుపు ఇంట్లోంచి తీసెయ్‌మనె. పారేస్తామంటే ఇది ఒప్పుకోదు. నువ్వే ఎత్తకపో. పెన్నలో ఏస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం."

పద్దెనిమిదేళ్లు తిరిగింది ఈ మాట కోసమే. అడగకుండానే చేతికి వచ్చింది. సరేనమ్మా అని చుట్టుకుని ఎత్తుకుపోతే అయిపోయేది.

లహరి జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. ఇంటర్ చదివే పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉంది. గోడకు ఆనించిన విల్లును చూసింది, ఆయన్ను చూసింది. ఎడమచేత్తో చెంబు ఎత్తి నీళ్లు తాగింది.

"ఇంతసేపు చేసినావే తాతా," అంది.

పది గంటలకు వస్తానన్న మనిషి పన్నెండు దాటాక వచ్చాడు. పిల్ల అన్నది దాని గురించే అయి ఉంటుంది.

పరుపును వసారాలో పరిచారు. కరీముల్లా మోకాళ్ల మీద కూర్చుని ముడులు తడిమాడు. తాను వేసినవే, కుడిచేతి ముడులు. వరసకు ఆరు. చివరి మూలన మాత్రం ముడి లేదు, రంధ్రం ఉంది.

"ఆ మూలది నిలవదు మామా," అంది ప్రసూన. "ఎన్ని తూర్లు కుట్టించినా ఊడిపోతాది."

"దాన్ని తీస్కపోతే నేను యాడ పండుకునేది?" అంది లహరి. "ఫోము పరుపు మీద రెండు పొద్దులు చూస్తిని. కన్ను మూతపడలే. నన్ను లేపేదీ ఇదే, పండుకోబెట్టేదీ ఇదే."

కరీముల్లా ఒక అంచు విప్పి, గుప్పెడు దూది బయటికి లాగాడు. ఖమర్ దూది పాత నాటు రకం, కాస్త మబ్బురంగులో ఉండేది. పెండ్లి దూది తెలుపు. వెలుగులోకి పట్టి వేళ్లతో విడదీశాడు. పింజ విప్పితే పీచు, పీచు విప్పితే ఇంకా సన్నటి పీచు. ఎక్కడా ఖమర్ అయిపోయి ఈ పిల్ల మొదలయ్యే చోటు కనపడలేదు. చాలాసేపు చూశాడు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

అప్పుడు చెప్పేశాడు. శుక్రవారం, గోనెసంచి, ఎర్రదారం, అన్నీ చెప్పాడు. సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి, ప్రసూన ముందు పెట్టాడు.

ప్రసూన చదివి, మెట్టు మీద కూలబడింది. "పెండ్లి పరుపులో సావు దూది పెడ్తివా," అంది మెల్లగా. "నీకు మనసెట్ల వచ్చె మామా? ఒక్కమాట చెప్పింటే నా బిడ్డకు ఇన్నేండ్ల జాగారం తప్పేది కదా."

"ఏ వాకిట్లో చెప్పల్లనో తెలీలేదమ్మా. తెలిసినా నోరు లేస్తాండెనో లేదో." కరీముల్లా తల వంచుకున్నాడు. తిట్టినా పడేవాడే. ఆమె తిట్టలేదు, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఎట్లాంటిది ఆయమ్మ?" అడిగింది లహరి.

"మంచిది. కోపం జాస్తి. పని సగంలో వదిలిపెట్టే రకం కాదు."

"మరి వదిలిపెట్టె కదా."

"ఒక్కటి వదిలిపెట్టె తల్లీ. ఒక్కటే."

ఆ మాట అన్నాక ఏం చెయ్యాలో ఆయనకు తెలిసిపోయింది. ప్రసూన వైపు తిరిగాడు. "ఏరి తీస్కపోదామంటే ఏరేదానికి రాదమ్మా. మొత్తం ఎత్తకపోతే నీ బిడ్డ నిద్ర గూడ ఎత్తకపోయినట్లే. ఈ దూదిని ఇంకొకసారి ఏకి, ఈడనే కుట్టిస్తా. నలభై రెండో ముడి నిలిచిందా, ఉండనీ. నిలవలేదా, పొద్దు కుంకకముందే నేనే ఎత్తకపోతా."

ప్రసూన కూతురి ముఖం చూసింది. "కానియ్ మామా," అంది.

విల్లు మోగింది. ఆ వీధి ఆ చప్పుడు విని చాలా ఏళ్లయింది. ఎదురింటి వాళ్లు కిటికీలు తెరిచి చూశారు. దూది పొగలాగా లేచి, కరీముల్లా ముక్కులోకి, గొంతులోకి పోయింది. పది దెబ్బలకోసారి ఆగాడు, తర్వాత అయిదుకోసారి, తర్వాత మూడుకోసారి. మానెయ్యమని ప్రసూన రెండుసార్లు చెప్పింది. ఆయన తల ఊపి మళ్లీ కొట్టాడు. నాలుగింటికి దూది మోకాలెత్తు లేచింది. దాన్ని గలీబులో నింపి, అంచులు కుట్టి, ముడులు వేయబోయే ముందు పుస్తకం దగ్గరికి లాక్కుని, పెన్సిలు నాలుకతో తడిపి, కుడిపక్క పేజీలో ఏదో రాశాడు.

ముడులు మొదలయ్యాయి. అంకెలు లహరి చెప్పింది. నిద్రలో కాకుండా, మెలకువగా, ఆయనకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని చెప్పింది. దారం ఆయన కత్తెరతో తెంపుతున్నాడు. అయినా ప్రతి ముడికీ ఎక్కడో టిక్కు వినిపిస్తూనే ఉంది. ప్రసూన కూడా విన్నదని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

"నలభై ఒకటి," అంది లహరి.

కరీముల్లా ముడి బిగించి, దబ్బనం చేతిలో పట్టుకుని ఆగాడు. ఎడమవైపు ఛాతీలో ఏదో మెల్లగా సర్దుకుంటోంది. నొప్పి కాదు. ఎక్కువసేపు మోసిన మూటను దించబోయే ముందు భుజం వదులైనట్టు ఉంది.

"మిగిలింది నువ్వు వెయ్ తల్లీ."

"నాకు కుట్టేది రాదు తాతా."

"సూడు మరి."

పిల్ల దబ్బనాన్ని ఎడమచేత్తో తీసుకుంది. ఒక్క క్షణం దాని వంక చూసి, మూలన గుచ్చింది, కింది నుంచి లాగింది, దారాన్ని బొటనవేలి కిందుగా రెండుసార్లు తిప్పి వెనక్కి మెలేసింది. ఆ మెలిక కరీముల్లా ఎవరికీ నేర్పలేదు. ఆయనకే రాదు. నేర్చుకో అని ఖమర్ ఎన్నిసార్లు పోరినా, కుడిచేతికి అది పట్టుబడలేదు.

"నలభై రెండు," అంది లహరి. తల వంచి, దారాన్ని కోరపంటితో టిక్కుమని తెంపింది.

కరీముల్లా గోడకు తల ఆనించి, "ఉండు, కొంచెం నడుము వాలుస్తా," అన్నాడు.

ప్రసూన టీ తెచ్చేసరికి లహరి ఆ కొత్త పరుపు మీద ఒరిగి నిద్రపోతోంది. పెదాలు కదలడం లేదు. ఆ పక్కనే సాయిబు కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కనుబొమల మీద దూది పీచు ఉంది, గాలికి కూడా కదలడం లేదు. ప్రసూన రెండు గ్లాసులూ కింద పెట్టి, ఒక మనిషిని లేపాలా వద్దా అని, రెండో మనిషి లేస్తాడా అని, కొంతసేపు అలాగే నిలబడింది.

ఆయన తమ్ముని కొడుకు మున్వర్ ప్రొద్దుటూరు నుంచి వ్యాను తెచ్చి, ఆయన్నూ, విల్లునూ, ఉప్మా డబ్బానూ తీసుకుపోయాడు. పరుపు మూలన ముడి నిలిచే ఉంది. పుస్తకం మాత్రం వసారా అరుగు మీద తెరిచినట్టే ఉండిపోయింది. కుడిపక్క పేజీలో వంకర అక్షరాలతో 'పులివెందులలో దొరికింది. తెచ్చుకోలేదు. ఈడనే బాగుండాది' అని ఉంది. ఆ పేజీ గాలికి ఎగరకుండా లహరి దాని మీద దబ్బనం పెట్టింది, దాని బెజ్జంలో ఇంకా మూరెడు దారం మిగిలి ఉంది.